చచ్చిన తీగె కరుస్తుందా?

ఊరంతా కరెంటు పోయింది. సబ్‌స్టేషనులో స్విచ్చి కట్టేశారు. వీధిలో ఒక తీగె తెగి వేలాడుతున్నది. అందులో కరెంటు లేదని అందరికీ తెలుసు. అయినా లైన్‌మన్ దాన్ని ముట్టుకోడు. ఎందుచేత?

మీ నాన్నగారిని అడిగి చూడండి. "కరెంటే లేనప్పుడు భయం దేనికి?" అంటారేమో. విశాఖపట్నంలో స్తంభాలెక్కే వాళ్ళు మాత్రం ఆ మాట అనరు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ అనేది ఒక పిట్టకు అరబ్బీ పేరు. దాని తలమీద విసనకర్రలాటి కుచ్చు వుంటుంది. పేరు పిట్టదే గాని, గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. చెట్లు కూలి తీగెలమీద పడ్డాయి. స్తంభాలు వేలకొద్దీ విరిగాయి. నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి చీకటే. ఇతర జిల్లాలనుంచి కూడా విద్యుత్ సిబ్బంది వచ్చి పనిచేశారు.

అటువంటప్పుడు కొందరి ఇళ్ళలో జనరేటర్లు మోగుతూ వుంటాయి. చిక్కంతా అక్కడే వున్నది.

వీధి చివర ట్రాన్స్‌ఫార్మరును మీరు చూశారు గదా! అది 11,000 వోల్టులను తగ్గించి, 230 వోల్టులు చేసి ఇళ్ళకు పంపుతుంది. కాని దానికి ముందూ వెనకా అనే తేడా లేదు. ఇళ్ళ వైపునుంచి 230 వోల్టులు ఇస్తే, అవతలి వైపున సుమారు పదివేల వోల్టులు పుట్టిస్తుంది! ఒక ఇంటాయన తొందరపడి, మెయిన్ స్విచ్చి కట్టెయ్యకుండా జనరేటరు తీగెను గోడ ప్లగ్గులో గుచ్చాడనుకోండి. ఆయన ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది. అదే కరెంటు మీటరుగుండా వీధిలోకి పోయి, ట్రాన్స్‌ఫార్మరులో పెరిగి, రెండు వీధుల అవతల స్తంభం మీద వున్న మనిషిని చేరవచ్చు. ఒక్కొక్కప్పుడు ఇరుగుపొరుగు దీపాల బరువుకు ఆ జనరేటరే ఆగిపోతుంది. కాని దాన్ని నమ్ముకుని స్తంభం ఎక్కేవాడెవడు?

దీనికి విరుగుడు చేంజోవర్ స్విచ్చి. పిడి ఒక వైపు వేస్తే వీధి కరెంటు, రెండో వైపు వేస్తే జనరేటరు కరెంటు వస్తుంది. రెండూ ఎన్నటికీ కలవవు. మీ ఇంట జనరేటరు వుంటే, ఈ స్విచ్చి వున్నదో లేదో పెద్దలను చూడమనండి. మీరు మాత్రం చెయ్యి పెట్టకండి.

ఇక లైన్‌మన్ సంగతి. పని మొదలుపెట్టేముందు అతను సబ్‌స్టేషనులో "లైన్ క్లియర్" తీసుకుంటాడు. ఆ సంగతి రిజిస్టరులో ఎక్కుతుంది. ఎవరు తీసుకున్నారో వారే, తన మనుషులంతా కిందికి దిగారని చూసుకుని, దాన్ని తిరిగి ఇవ్వాలి. అంతదాకా ఎంత పెద్దవారు అడిగినా కరెంటు వదలరాదు. తరువాత స్తంభం మీది స్విచ్చిని తెరిచి, మూడు కత్తులూ విడిపోయినవో లేదో కళ్ళారా చూసి, దానికి తాళం వేస్తాడు. ఆపైన టెస్టరు తీస్తాడు. దాన్ని ముందు కరెంటున్న చోట పెట్టి చూసి, తరువాత తాను బాగుచెయ్యబోయే తీగెకు చూపి, మళ్ళీ కరెంటున్న చోట చూస్తాడు. ఇదంతా చాదస్తం అనుకోకండి. చెడిపోయిన టెస్టరు కూడా "కరెంటు లేదు" అనే చెబుతుంది!

ఇంత చేసినా తీగెను ముట్టడు. దాన్ని భూమికి కలపాలి. ఇందుకు ఎర్త్ రాడ్లు వుంటాయి. ముందు భూమి వైపు కొసను బిగించి, ఆ తరువాతే పొడుగాటి కర్రతో రెండో కొసను తీగెకు తగిలిస్తాడు. తీసేటప్పుడు తీగె కొస ముందు, భూమి కొస తరువాత. ఈ వరస తప్పితే, కరెంటు అతని ఒంటిగుండానే భూమిలోకి దిగవచ్చు. పనిచేసే చోటికి రెండు పక్కలా ఇలా కలుపుతాడు. అప్పుడు ఎవరి జనరేటరు కరెంటు ఎటునుంచి వచ్చినా, అతన్ని వదిలి నేలలోకి పోతుంది.

సముద్రం పక్కన వున్న ఊళ్ళో ఇంకొక తంటా వున్నది. గాలిలోని ఉప్పు పింగాణీ ఇన్సులేటర్లమీద పేరుకుంటుంది. ఎండలో ఆ ఉప్పు వూరుకుంటుంది. తెల్లవారుజామున మంచు పడి తడిస్తే మాత్రం దానిమీదుగా కరెంటు పాకి, చిటచిటమంటుంది. ఇన్సులేటరుకు గొడుగుల్లాటి అంచులు అందుకే. పైభాగం తడిసినా గొడుగు కింద కొంత పొడిగా వుంటుంది.

తెగిపడిన తీగె మీకు కనిపిస్తే దూరంగా వుండి, ఇతరులను కూడా పోనివ్వకండి. పెద్దలచేత 1912 నంబరుకు ఫోను చేయించండి. తీగె చుట్టూ నేలలో కూడా కరెంటు వుండవచ్చు. దాని దగ్గర అడుగు బార్లా వేస్తే ఒక కాలినుంచి రెండో కాలికి ప్రవహిస్తుంది. అందుచేత ఇప్పటికే దగ్గరికి వచ్చేసినవారు రెండు పాదాలూ కలిపి, చిన్న చిన్నగా జరుగుతూ వెనక్కు పోవాలి.

హుద్‌హుద్ తరువాత, ప్రపంచ బ్యాంకు ఋణంతో, విశాఖలో పలు చోట్ల తీగెలను భూమిలోకి దించారు. ఇవి గాలికి తెగవు, చెట్లకు చిక్కవు. కాని భూమిలోని కేబులుకు ఒక గుణం వున్నది. లోపల లోహం, దాని చుట్టూ కరెంటును పోనివ్వని పొర, ఆపైన మళ్ళీ లోహపు తొడుగు. అందుచేత స్విచ్చి కట్టేసిన తరువాత కూడా, కుండలో నీళ్ళలాగా, అందులో కొంత విద్యుత్తు నిలవ వుంటుంది. గొయ్యి తవ్వి కేబులును బయటపెట్టిన మనిషి, జనరేటరు మోత ఎక్కడా వినపడకపోయినా, దాన్ని భూమికి కలిపి ఖాళీ చేసేదాకా దాని మొన ముట్టడు.