మోదుగుపూవు



ఫాల్గునమాసమున ఆకు రాలి మోడువారిన యడవిలో మోదుగుచెట్టు మాత్రము నిప్పంటుకొన్నట్లు దూరమునకే కానవచ్చును. పూచునపుడు దాని కొమ్మలపై నాకు కానరాదు. నల్లని మెత్తని తొడిమలనుండి ఎఱ్ఱని పూవులు గుత్తులు గుత్తులుగా వెలువడును. రేకు ముక్కువలె వంగియుండుటచే, ఇది చిలుకయా యేమి యను నర్థమున సంస్కృతమందు దీనికి కింశుకమను పేరు కలిగినది. పలాశమనునది పురోహితుల నోట మీరు తఱచుగా విను పేరు. ఉపనయనమున వటువు పట్టు దండమును, హోమమున వేల్చు సమిధయు నీ చెట్టువే. సామర్లకోటలో నుండి మన తీరపు మొక్కలను పరిశీలించిన రాక్స్‌బరో దొర, 1795లో వెలువడ నారంభించిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున దీనిని చిత్రముతో వర్ణించెను.

రూపముండి విద్యలేనివానిని కవులు వాసనలేని యీ పూవుతో పోల్చిరి. బడిలో నేనును ఆ పోలికను పెక్కుమాఱులు చెప్పితిని. అయినను పూవు పక్షమున నొకమాట చెప్పవలసియున్నది. దీనిలో తేనె సమృద్ధిగా నుండును. తేనెపిట్టలు మొదలగు పక్షులు దానికై వచ్చి పుప్పొడిని చెట్టునుండి చెట్టునకు చేర్చును. పక్షిని పిలుచుటకు రంగు చాలును, వాసనతో పనిలేదు.

ఇక వైద్యమునకు వత్తము. మూత్రము బిగిసినవానికి మోదుగుపూవులను నీట నుడికించి, గుడ్డలో మూటగట్టి, గోరువెచ్చగా పొత్తికడుపుపై కాపుట మన పల్లెలలో పూర్వమునుండి యున్నది. వెచ్చదనమువలన బిగువు కొంత సడలును. కాని అఱువదియేండ్లు దాటిన పురుషులలో మూత్రము బిగియుటకు తఱచుగా ప్రోస్టేటు గ్రంథి పెరుగుటయే కారణము. అట్టివానికి మూత్రము బొత్తిగా రాకపోయినచో కాపుచు కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చి గొట్టముతో తీయింపవలెను. ఆలస్యమైనచో మూత్రపిండములు చెడును. నా తోడివారగు పెద్దలు సిగ్గుపడి యీ బాధను ఇంటివారికి చెప్పరు. అందుచే నింత విప్పి చెప్పుచున్నాను.

చెట్టులో నెక్కువ శక్తిగలది గింజ. కాయ కొనయందు ఒక్కటే గింజ యుండును, చదునుగా ఎఱ్ఱమట్టి రంగున. ఆయుర్వేదమున పలాశబీజము కృమిఘ్నములలో ప్రసిద్ధము. గింజలను నానబెట్టి, పొట్టు తీసి, ఎండించి, పొడిచేసి మూడుదినము లిచ్చి, నాలుగవనాడు ఆముదము పట్టించుట పాతపద్ధతి. పొడి పురుగులను సొమ్మసిల్లజేయును, ఆముదము వానిని వెడలగొట్టును. ఈ గుణమునకు పలాసోనిన్ అను పదార్థము కారణమని రసాయనజ్ఞులు కనుగొనిరి. ఈ గింజ మోతాదు మించినచో వాంతులు, కడుపునొప్పి, విరేచనములు కలుగును. గర్భిణులకు ఎన్నడును ఈయరాదు. గర్భము నిలువకుండుటకై పూర్వులు వాడిన మందులలో నిదియు నొకటి. పిల్లల నులిపురుగులకు 2015 మొదలు బడులలోను అంగన్వాడీలలోను ఆల్బెండజోల్ మాత్ర నిచ్చుచున్నారు. దాని మోతాదు తెలిసినది, గింజపొడి మోతాదు ఇంటింటికి మాఱును. పిల్లలవిషయమున నేను మాత్రనే మేలందును. గింజను నిమ్మరసముతో నూరి తామరకు పూయుట కూడ కలదు. అది చర్మమును మండించును గనుక లేతచర్మముపై పూయరాదు.

బెరడు గాటుపెట్టినచో ఎఱ్ఱని రసము కారి కెంపువలె గట్టిపడును. అది మోదుగుబంక. యేగిసబంకకు బదులుగా వర్తకులు దీనిని అమ్ముచుండిరి. వగరు మిక్కుటమగుటచే నీళ్లవిరేచనములకు వాడుదురు. పసివారికి బంకకంటె ముందు కావలసినది ఉప్పు, పంచదార తగుపాళ్లలో కలిపిన నీరు.

తెల్లపూవుల మోదుగు అరుదుగా కానవచ్చును. దానిక్రింద నిధి యుండునని త్రవ్వి వేళ్లు నఱికినవా రున్నారు. నిధి దొరకదు సరికదా, చెట్టు చచ్చును.

కాముని పున్నమికి వసంతము చేయుటకు ఈ పూవులనే నీట కాచుదురు. అందులకు కొమ్మలు విఱువ నక్కఱలేదు. తెల్లవారుసరికి క్రింద రాలియున్నవానిని ఏఱి, మన్ను దులిపి, నీడను ఆఱబెట్టి, తడి తగులని కుండలో నుంచిన రంగునకును కాపునకును అక్కఱకు వచ్చును.