ఉద్యోగం వదలకుండానే కొత్త వ్యాపారం: ఐటీసీ ఈ-చౌపాల్ కథ

సెల్ ఫోన్లు రాకముందు మా నరసరావుపేట వైపు మిర్చి రైతు పరిస్థితి ఏంటంటే, టిక్కీలు లారీకెత్తి గుంటూరు యార్డులో దించేదాకా ధర తెలీదు. నచ్చకపోతే వెనక్కి తెచ్చుకోలేడు, కిరాయి ఎవరిస్తారు?

మధ్యప్రదేశ్‌ సోయా రైతుదీ ఇదే బాధ. దానికి దారి చూపింది స్టార్టప్ కాదు. ఐటీసీలో జీతానికి పనిచేసే ఎస్. శివకుమార్, ఆయన టీమ్. ఇలా ఉన్న కంపెనీలోనే కొత్త వ్యాపారం కట్టడాన్ని ఇంట్రప్రెన్యూర్‌షిప్ అంటారు.

సిగరెట్ల మీద ఆధారపడటం తగ్గించాలి, ఇదీ అప్పటి ఛైర్మన్ వై.సి. దేవేశ్వర్ స్ట్రాటజీ. చెప్పడం తేలికే. చేయాల్సిన వాళ్లలో ఒకటి శివకుమార్ చూసే వ్యవసాయ విభాగం, కంపెనీలో చిన్నది.

2000 జూన్‌లో మొదలుపెట్టారు. ఊళ్లో ఒక రైతు ఇంట్లో కంప్యూటర్. ఫోన్ లైన్లు సరిగ్గా లేవు, వీశాట్ డిష్ పెట్టారు. కరెంటు నమ్మలేం, సోలార్ ప్యానెల్ పెట్టారు. ముందురోజు మండీ ధరని బట్టి ఇవాళ్టి రేటు స్క్రీన్ మీద కనిపిస్తుంది. నచ్చితే ఐటీసీ సెంటర్‌కి తీసుకెళ్లొచ్చు, లేదంటే మండీకే. సెంటర్‌లో ఎలక్ట్రానిక్ కాటా, పైగా బండి కిరాయి వాళ్లే ఇచ్చేవారు.

నాకు బాగా నచ్చింది వేరే ఉంది. మండీ కమీషన్ ఏజెంట్లని తోసేయలేదు, 'సంయోజక్' అని పేరు పెట్టి కమీషన్ ఇచ్చి కలుపుకున్నారు. మండీ బయట కొనడానికి అప్పట్లో చట్టం ఒప్పుకునేది కాదు, ప్రభుత్వాన్ని ఒప్పించి మార్కెట్ పన్ను కట్టారు. ఇవేవీ స్ట్రాటజీ పీపీటీలో ముందే రాసుకునే విషయాలు కావు. ఊళ్లోకి దిగినోడికే తెలుస్తాయి.

నేను జాబ్‌లో ఉన్నప్పుడు టెస్టింగ్ టైమ్ తగ్గించే చిన్న టూల్ రాశా. "బావుంది, కానీ మన స్కోప్ కాదు" అన్నారు. గోడ మీద పోస్టర్‌లో మాత్రం 'ఇన్నోవేషన్' అని పెద్ద అక్షరాలు! శివకుమార్‌కి పైనుంచి ఛైర్మన్ అండ ఉంది, అదీ తేడా.

2002లో వచ్చిన ఆశీర్వాద్ పిండికి గోధుమలు ఈ-చౌపాల్‌ ద్వారా కూడా కొన్నారు. అంటే సిగరెట్లు కాని వ్యాపారం నిజంగానే నిలబడింది. తర్వాత సుమారు 6,100 చౌపాల్‌లు, 40 లక్షల రైతులు అని ఐటీసీ లెక్క. మన కోస్తా రొయ్యల రైతులకి ఆక్వాచౌపాల్ కూడా వచ్చింది.

ఐటీసీ గుంటూరు మిర్చి కూడా కొంటుంది. ఆ సంగతి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.