తోట ఇంట్లో అతిథులకు విడిది

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ల వైపు నుండి బాలాపూర్ పోవునపుడు రోడ్డుకు రెండు ప్రక్కల ఇళ్ళ స్థలాల బోర్డులే కంటికి ఆనును. వాటి నడుమ ఇంకను అక్కడక్కడ పాలకూర, కొత్తిమీర మళ్ళు, నాలుగు గేదెల కొట్టం మిగిలి ఉన్నవి. ఈ ముక్కను ఉంచుకొందుమా, అమ్ముకొందుమా అని రైతులు మమ్ములను అడుగుచుందురు. ఆ నిర్ణయం ఇంటివారిది. ఉంచుకొనదలచిన వారికి మాత్రం పంటతోపాటు మరొక రాబడి ఉండవలెను. పట్నపువారు ఒకటి రెండు రాత్రులు వచ్చి ఉండుటకు తోట ఇంట్లో ఒక గది ఇచ్చుట అటువంటిది. దీనిని ఎట్లు నడుపవలెనో ఇక్కడ వివరించుచున్నాను.

ఇంగ్లండు పల్లెలలో ఈ పద్ధతి పాతది. కొండ ప్రాంతాలలో గొర్రెలు, ఆవులు పెంచుకొను కుటుంబాలు ఇంటిలో రెండు మూడు గదులు అతిథులకు ఇత్తురు. 1983లో అక్కడి రైతు కుటుంబాలు ఇందుకొరకు ఒక సంఘముగా కూడా ఏర్పడినవి. మన దేశంలో మహారాష్ట్రలోని బారామతి ప్రాంతాన 2005 నుండి ఇటువంటి ప్రయత్నం సాగుచున్నది.

ఇంగ్లండు పద్ధతిలో మనం గమనింపదగినది ఒకటున్నది. ఇంటివారు ఇచ్చునది పడక, ఉదయపు ఫలహారం, అంతే. రాత్రి భోజనానికి అతిథి ఊరిలోని పబ్బుకో, దగ్గరి హోటలుకో పోవును. యార్క్‌షైర్‌లో హారోమ్ అను చిన్న పల్లె ఉన్నది. అక్కడ గడ్డికప్పు గల పాత సత్రమొకటి వంటకు పేరుపొందినది. కార్న్‌వాల్‌లో పాడ్‌స్టో అను చేపల రేవున 1975లో ఒక చేపల హోటలు వెలసినది. ఇటువంటి చోట్ల భోజనం కొరకు దూరం నుండి వచ్చినవారికి పడుకొనుటకు గది కావలెను. గదికి వచ్చినవారికి భోజనం కావలెను. ఒకరి వ్యాపారం మరొకరికి ఆసరా అగును.

మనవారికి ఇది వింతగా తోచవచ్చును. ఇంటికి వచ్చినవానిని రాత్రి అన్నం పెట్టక బయటికి పంపుటయా అందురు. మా జిల్లాలో ఒక రైతు ఇంట జరిగినది చెప్పెదను. ఆయన రెండు గదులు బాగుచేసి ఇచ్చినారు. ఇల్లాలు సాయంత్రం నాలుగు గంటల నుండి పొయ్యి దగ్గరే ఉండి ఆరు రకాలు వండినది. అతిథులు రాత్రి పది గంటలకు కారు దిగి, దారిలో తిని వచ్చితిమి అన్నారు. కూరలు పారబోసినారు. సాయంత్రం గేదెల పాలు ఆలస్యంగా పిండినందున పాలకేంద్రం మూసినారు. ఇట్లు మూడు వారాలు జరుగగా ఆమె విసిగి గదులకు తాళం వేసినది. ఆమెను తప్పుపట్టుటకు వీలులేదు.

ఉదయపు ఫలహారం సంగతి వేరు. పాలు పితుకుట ముగిసిన తరువాత, ఏడున్నర నుండి తొమ్మిది లోపల అని వేళ ముందే చెప్పవచ్చును. తినువారెందరో రాత్రే తెలియును. జొన్నరొట్టె, పాలకూర పప్పు, పెరుగు, కోడిగ్రుడ్డు, జామపండు: వీనిలో చాలభాగం మన పొలంలోనివే. కొత్తిమీర కట్ట మార్కెట్టులో తెచ్చు ధర కంటె అతిథి పళ్ళెంలో తెచ్చు ధర ఎక్కువ.

రాత్రి భోజనానికి బాలాపూర్ ప్రాంతంలో కొరత లేదు. కొద్ది కిలోమీటర్లలోనే బార్కస్ ఉన్నది. నిజాం సైన్యంలో పనిచేయుటకు యెమెన్ దేశపు హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతివారు అక్కడ స్థిరపడినారు. బ్యారక్స్ అను మాటయే బార్కస్ అయినది. ఒకప్పుడు జామతోటలకు పేరుపొందిన ఈ పేట నేడు మండి భోజనానికి ప్రసిద్ధి. ఒకే పెద్ద పళ్ళెంలో అన్నం, పైన మాంసం పెట్టుదురు. నలుగురు చుట్టు కూర్చుండి తిందురు. శాకాహారులను కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ల మెస్సులకు పంపవచ్చును. ఏ హోటలు ఎన్ని గంటలకు మూయుదురో, ఏది శుభ్రమైనదో మీరు స్వయంగా చూచి ఒక కాగితంపై వ్రాసి గదిలో ఉంచుడు.

ఇక లెక్క. రెండు గదులు, రాత్రికి గదికి 1,200 రూపాయల చొప్పున వారానికి రెండు రాత్రులు నిండినవనుకొందము. వచ్చునది 4,800 రూపాయలు. ఫలహారానికి గదికి 150, దుప్పట్ల ఉతుకుడు, సబ్బు, కరెంటుకు 150 పోగా 3,600 మిగులును. ఇందులో ఇల్లాలి కష్టం కూడా ఉన్నది. దానికి కూలి కట్టి ఆమె ఖాతాలో వేయవలెను. అన్ని వారాలు నిండునని ఆశించి అప్పు చేసి కొత్త గదులు కట్టవద్దు. ఉన్న గదికి సున్నం వేసి, మంచి మరుగుదొడ్డి, దోమతెర, త్రాగునీరు ఏర్పాటు చేసి ఒక ఏడాది చూడుడు.

గదికి ముందు పొలాన్ని సిద్ధం చేయవలెను. బావికి చుట్టుగోడ, పైన ఇనుప జాలి లేనిదే పిల్లలు గలవారిని రానీయవద్దు. పురుగుమందులు తాళం గల పెట్టెలో ఉంచవలెను. మందు చల్లిన మడిలో, డబ్బాపై వ్రాసిన గడువు దాటువరకు అతిథుల చేత ఆకు కోయించరాదు. ఆ మడి దగ్గర ఎర్రగుడ్డ కట్టుడు.

పశువుల విషయంలో ఇంకను జాగ్రత్త అవసరం. 2001 ఫిబ్రవరిలో ఇంగ్లండులో గాలికుంటు వ్యాధి చెలరేగినది. దేశమంతటను 60 లక్షలకు పైగా పశువులను, గొర్రెలను, పందులను చంపివేసినారు. కాలిబాటలు మూసినందున పశువులు లేనివారి విడిది గదులు కూడా ఖాళీ అయినవి. మనకు టీకా ఉన్నది; ఏడాదికి రెండుమార్లు తప్పక వేయించవలెను. కొట్టం గుమ్మం వద్ద లీటరు నీటికి 40 గ్రాముల చొప్పున బట్టల సోడా కలిపి తొట్టిలో పోసి, లోనికి వచ్చువారి చెప్పులను అందులో ముంచించవలెను. పొరుగున వ్యాధి ఉన్న రోజులలో కొట్టం చూపనేకూడదు.

ఇంటివారు ఉన్న ఇంట్లోనే 1 నుండి 6 గదుల వరకు అతిథులకు ఇచ్చువారిని కేంద్ర పర్యాటక శాఖ తన పథకం క్రింద గుర్తించును. సాగుభూమిలో కొత్త కట్టడం తలపెట్టినచో ముందుగా తహసీలు కార్యాలయంలో అడుగవలెను. అతిథుల పేర్లు పుస్తకంలో వ్రాయుట, గుర్తింపు కార్డు చూచుట మరువరాదు. విదేశీయుడు దిగినచో 24 గంటలలో అధికారులకు తెలుపవలెను.

బాలాపూర్‌కు ప్రత్యేకమైన రోజు ఒకటి కలదు. గణేశ నిమజ్జనం నాటి లడ్డు వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటినది. ఆ ఉదయం ఊరంతా జనం. కారు కదలదు. వేలం చూడదలచిన అతిథిని ముందురోజు సాయంత్రమే రమ్మని చెప్పి, మరునాటి ఫలహారం ఒక గంట ముందుగా పెట్టుడు.