ఫొటో అతుకు వెనుక పది లక్షల సమీకరణాలు

ఒక ఫొటోలోని మనిషిని కత్తిరించి మరో ఫొటోలో అతికిస్తే అంచు వెంట గీత కనబడుతుంది. పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే స్టూడియోల వారికి ఇది పాత తలనొప్పే. ఈ గీత కనిపించకుండా చేసే పద్ధతిని 2003లో పాట్రిక్ పెరెజ్, మిషెల్ గాంగ్నే, ఆండ్రూ బ్లేక్ ప్రకటించారు. అతికించే ముక్క నుంచి రంగులను కాక, పక్కపక్క చుక్కల మధ్య తేడాలనే తీసుకుంటారు. అంచు వద్ద కొత్త ఫొటోతో కలిసిపోయేలా లోపలి రంగులన్నీ మళ్లీ లెక్కగడతారు.

చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది. ఒక్కో చుక్కకు ఒక సమీకరణం. పొడవు, వెడల్పు వెయ్యేసి చుక్కలుంటే పది లక్షల సమీకరణాలన్నమాట. బడిలో నేర్పినట్లు ఒక్కో చరరాశిని తొలగిస్తూ, సున్నాలను సైతం వదలకుండా లెక్కిస్తే సెకనుకు వంద కోట్ల లెక్కలు చేసే యంత్రానికైనా పదేళ్లు దాటుతుంది. అయితే ప్రతి సమీకరణంలో ఆ చుక్క, దాని నలుగురు ఇరుగుపొరుగు తప్ప మిగిలినవన్నీ సున్నాలే కావడం ఊరట.

కబురు చేరేదెలా?: అందుకే ఒక అంచనాతో మొదలుపెట్టి విడతలవారీగా సవరిస్తారు. మామూలు పద్ధతిలో ఒక విడతకు సమాచారం ఒక చుక్క దూరమే కదులుతుంది. ఊరి నుంచి ఊరికి నోటి మాటగా కబురు పంపినట్లే. 1952లో హెస్టెన్స్, స్టీఫెల్ వెలువరించిన కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతి విడతల సంఖ్యను బాగా తగ్గించింది. మల్టీగ్రిడ్ పద్ధతి మరో దారి పట్టింది. గ్రామాలను మండలాలుగా, మండలాలను జిల్లాగా కూర్చినట్లు చుక్కలను గుంపులు చేసి, పైస్థాయిలో చిన్న లెక్క తేల్చి ఫలితాన్ని కిందికి దించుతారు.

గుంపులు కట్టడంలోనే మెలకువ: నదికి అటూ ఇటూ ఉన్న పల్లెలను ఒకే మండలంలో కలిపితే ఇబ్బందులు తప్పవు. చిత్రంలోనూ అంతే. చుక్కలను గుడ్డిగా చదరాలుగా విడగొడితే వస్తువుల హద్దులు చెరిగి లెక్క మందగిస్తుంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన కౌటిస్, మిల్లర్, టాలివర్ 2009లో దీనికి పరిష్కారం చూపారు. రంగు దగ్గరగా ఉన్న చుక్కల మధ్య బంధం గట్టిదని, హద్దు వద్ద పలచనిదని లెక్కించి, గట్టి బంధాలున్న వాటినే ఒక గుంపులో చేర్చారు. ఈ తరహా సమీకరణాలను వేగంగా సాధించవచ్చని 2004లో సిద్ధాంతపరంగా నిరూపించిన స్పీల్‌మన్, టెంగ్‌లకు 2015లో గోడెల్ బహుమతి లభించడం గమనార్హం.

ఇది ఫొటోల ముచ్చటతో ఆగలేదు. కంటి రెటీనా స్కాన్‌లో పొరలను వేరుచేయడానికీ ఈ లెక్కలు అక్కరకొచ్చాయి. గ్లాకోమా రోగుల్లో నాడీతంతువుల పొర పలచబడుతుంది. హద్దు కొన్ని చుక్కలు తప్పినా మందం కొలత మారిపోతుంది. పైగా ఒక్క కంటి స్కాన్‌లోనే ఇటువంటి అడ్డుకోతలు పదుల నుంచి వందల వరకు ఉంటాయి.