బొగ్గు నుసికి నూనె వైద్యం: చిక్కంతా నూనె ధర వద్దనే

ఝరియా ప్రాంతపు వాషరీలలో కోకింగ్ బొగ్గును కడిగినప్పుడు అర మిల్లీమీటరు లోపు నుసిలో చాలా భాగం నీళ్లతోపాటు స్లర్రీ చెరువులకు చేరుతుంది. వేలంలో యీ స్లర్రీ పాడుకునే వర్తకులకు దీని సంగతి తెలిసినదే. బొగ్గుతోపాటు బూడిదకూ, తేమకూ తూకంలో సొమ్ము చెల్లించవలసిందే. విశాఖ ఉక్కు కర్మాగారం వంటివి కోకింగ్ బొగ్గును ఓడలపై తెప్పించుకుంటూండగా, ఇక్కడి కోకింగ్ నుసి బాయిలర్లకూ, ఇటుక బట్టీలకూ పోతున్నది.

దీనిని బాగుచేసే ఉపాయం కొత్తది కాదు. నుసిని నీళ్లలో కలిపి, డీజిలో ఫర్నేస్ ఆయిలో పోసి గట్టిగా చిలికితే నూనె బొగ్గు రేణువులను అంటుకుంటుంది, మట్టి రేణువులు నీటినే పట్టుకుంటాయి. నూనె పట్టిన రేణువులు అతుక్కొని చిన్న గుండ్లవుతాయి. జల్లెడ పడితే గుండ్లు పైన నిలుస్తాయి, మట్టినీళ్లు దిగిపోతాయి. నురుగు పద్ధతికి సరిగా లొంగని అతి సన్నని నుసి సైతం దీనికి చిక్కుతుంది. అమెరికాలో ట్రెంట్ పద్ధతి 1920ల నాటిది. తరువాత జర్మనీ, కెనడాలలోను, ధన్‌బాద్ ఇంధన పరిశోధన సంస్థలోను ప్రయోగాలు సాగాయి.

అయినా పెద్దయెత్తున వాడుకలోకి రాలేదు. కారణం ఖర్చు. నురుగు పద్ధతికి టన్నుకు ఒకటి రెండు కిలోల రసాయనాలు చాలును. గట్టి గుండ్లు కట్టాలంటే బొగ్గు తూకంలో పదో వంతు నూనె, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కావాలి. పదో వంతనుకుంటే టన్నుకు 100 కిలోలు, అనగా ముప్పాతిక పీపాకు కొంచెం తక్కువ. 1973 అక్టోబరు మొదట్లో పీపా ముడిచమురు 3 డాలర్లున్నప్పుడు యీ ఖర్చు సుమారు 2 డాలర్లు. 1974 జనవరిలో ధర 11.65 డాలర్లకు ఎగబాకగా ఎనిమిదిన్నర అయింది. శుద్ధిచేసిన నూనెకు ఇంకా ఎక్కువే. పోసిన నూనె బాయిలర్లో వేడిగా తిరిగి వస్తుందన్న మాట నిజమే. కాని అది నూనె వేడిని బొగ్గు ధరకు అమ్ముకోవడం.

మిగిలిన ఆశ కోకింగ్ గ్రేడు మీదనే. బూడిద 18 శాతం లోపుంటే స్టీల్ గ్రేడు, దాటితే వాషరీ గ్రేడు. రెంటి ధరల తేడా నూనె ఖర్చును మించితేనే గిట్టుబాటు. సింగరేణి సరుకు కోకింగ్ రకం కానందున దానికి యీ లెక్క వర్తించదు.

ఇంకొక మెలిక. ఏళ్ల తరబడి గాలికి, నీటికి నానిన పాత చెరువుల నుసి పైపొర మారిపోయి నూనెను సరిగా పట్టదు. అటువంటి లాటుకు కొత్త నుసి ధర కట్టేవారు ముందుగా నమూనా చిలికించి చూసుకోవడం మంచిది.