ఇంజన్ ఎక్కడో గాలి పీలుస్తోందా?

ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ముగ్గురాయి, అంటే బెరైటీస్. ఒకే చోట ఉన్న బెరైటీస్ నిల్వల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరున్న గని ఇది. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి తీసే ఈ రాయి పొడిగా మారి, చమురు బావుల తవ్వకంలో వాడే బురదకు బరువు పెంచడానికి దేశాలు దాటిపోతుంది. దాన్ని పొడి చేసే మిల్లులు, మోసే టిప్పర్లు, వాటి వెనక లేచే దుమ్ము మాత్రం ఇక్కడే ఉండిపోతాయి. రైల్వే కోడూరుకో రాజంపేటకో తిరిగే పాత పెట్రోలు కార్లన్నీ ఆ దుమ్ములోనే బతకాలి.

అలాంటి కారు ఒక రోజు పొద్దున్నే స్టార్టయి గడగడలాడుతుంది. స్లో (ఐడిల్) నిలవదు. యాక్సిలరేటర్ తొక్కితే బాగానే పోతుంది, సిగ్నల్ దగ్గర ఆపితే ఆగిపోతుంది. షెడ్డుకు తీసుకెళ్తే బానెట్ ఎత్తకముందే తీర్పు వచ్చేస్తుంది: “ఎక్కడో ఎయిర్ తీస్తోంది.” నిజమే కావచ్చు. కానీ ఆ ఒక్క మాట మీద ప్లగ్గులు, కాయిళ్లు, సెన్సర్లు వరసగా మారిపోతుంటాయి. అసలు లీకు మాత్రం రబ్బరు గొట్టం చివర హాయిగా కూర్చుని ఉంటుంది.

పెట్రోలు ఇంజన్ గాలిని పీల్చే దారిలో థ్రాటిల్ అనే తలుపు ఉంటుంది. స్లోలో అది దాదాపు మూసే ఉంటుంది. పిస్టన్లు కింద నుంచి లాగుతుంటాయి, పైనుంచి గాలి సరిపడా రాదు. అందుకే థ్రాటిల్ తర్వాతి గదిలో, అంటే మానిఫోల్డ్‌లో, ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా పడిపోతుంది. దాన్నే వాక్యూమ్ అంటున్నాం. ఆ గది గోడకు ఎక్కడ చిన్న సందున్నా, బయటి గాలి థ్రాటిల్‌ను అడగకుండానే లోపలికి దూరుతుంది.

అపోహ: ఎయిర్ లీకుంటే స్లో పడిపోతుంది. స్లో పెరిగిందంటే లీకు కాదు, యాక్సిలరేటర్ కేబుల్ పట్టేసినట్టు.

ఇది కార్బురేటర్ నాటి లెక్క. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 కాలంలో దొంగగాలి వస్తే పెట్రోలు పాలు తగ్గేది, బండి వణికేది, ఆగేది. అంతే కథ. ఇప్పటి ఇంజన్‌లో కంప్యూటర్ గాలిని ఎలా కొలుస్తుందన్న దాన్ని బట్టి లక్షణం మారిపోతుంది. మన చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. దొంగగాలి దూరితే ఒత్తిడి పెరుగుతుంది. “ఓహో, గాలి ఎక్కువొచ్చింది” అనుకుని కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు కూడా పోస్తుంది. మిశ్రమం పెద్దగా చెడదు, స్లో మాత్రం 800 ఆర్‌పీఎం దగ్గర ఉండాల్సింది 1200కో 1500కో ఎగబాకుతుంది. చెక్ ఇంజన్ లైటు వెలగకపోవచ్చు కూడా.

ఫిల్టర్ దాటగానే గాలి బరువును కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కార్లది వేరే దారి. ఆ సెన్సర్ వెనక నుంచి దూరిన గాలి లెక్కలోకి రాదు. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అన్నది బరువు లెక్కన సరైన పాళం. గాలి పెరిగి పెట్రోలు అంతే ఉంటే మిశ్రమం పలచబడి బండి మిస్సింగ్ ఇస్తుంది. అందుకే ఎయిర్ లీకును వెతకబోయే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న “ఈ బండికి ఏ సెన్సర్ ఉంది?” అన్నది. చాలా షెడ్లలో ఈ ప్రశ్న ఎవరూ వేయరు.

అపోహ: స్కానర్ పెడితే పి0171 వచ్చింది, కాబట్టి లీకు ఖాయం. లేదంటే ఆక్సిజన్ సెన్సర్ మార్చాలి.

ఈ కోడ్ చెప్పేది ఒక్కటే: మిశ్రమం పలచగా ఉందని. ఎందుకు పలచబడిందో చెప్పదు. ఫ్యూయల్ పంపు నీరసించినా, ఫిల్టర్ మూసుకుపోయినా, ఇంజెక్టర్లకు గార పట్టినా, గాలి కొలిచే సెన్సర్ మీద దుమ్ము పేరుకున్నా ఇదే కోడ్ వస్తుంది. సైలెన్సర్ వైపు ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు చిన్న చిల్లు పడినా సరే. ఆక్సిజన్ సెన్సర్ చాలాసార్లు నిజం చెప్పిన సాక్షి మాత్రమే. సాక్షిని మార్చినంత మాత్రాన కేసు మారదు.

అసలు జవాబు అదే స్కానర్‌లో, కోడ్ పేజీ పక్కనే ఉంటుంది. మన దేశంలో బీఎస్-4 నిబంధనలతో 2010 నుంచి దశలవారీగా వచ్చిన ఓబీడీ వ్యవస్థ కంప్యూటర్ పడే తంటాలను అంకెల్లో చూపిస్తుంది. ఫ్యూయల్ ట్రిమ్ అనే ఆ అంకె, ముందుగా రాసిపెట్టుకున్న లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ పెట్రోలు పోయాల్సి వస్తోందో చెబుతుంది. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండుంటాయి, రెండూ కలిపి చూడాలి. సున్నాకు అటూ ఇటూ ఐదారు శాతం మామూలే.

బండి వేడెక్కాక స్లోలో ఆ అంకె చూడాలి. తర్వాత 2500 దాకా రేస్ చేసి అక్కడే పట్టి ఉంచి మళ్లీ చూడాలి. గాలి బరువును కొలిచే సెన్సర్ ఉన్న బండిలో స్లోలో +20 చూపించి, రేస్‌లో +4కో +5కో దిగొస్తే అనుమానం గట్టిపడినట్టే. కారణం తేలికే. సందు సైజు మారదు, ఇంజన్ ఆకలి మారుతుంది. స్లోలో ఇంజన్ తినే కొద్దిపాటి గాలిలో దొంగగాలి వాటా పెద్దది, రేస్ పెరిగి థ్రాటిల్ తెరుచుకున్నాక ఆ వాటా ఎంతో కాదు. దీనికి తిరగబడి, స్లోలో బాగానే ఉండి రేస్‌లో అంకె పెరుగుతుంటే లీకు వెతకడం మానేసి పెట్రోలు ప్రెషర్ చూసుకోవాలి. మ్యాప్ సెన్సర్ బండిలో ఈ పరీక్ష ఇంత స్పష్టంగా తేలదు. అక్కడ స్లో స్పీడు, మానిఫోల్డ్ ప్రెషర్ అంకెలే ఆధారం. ఇంజన్ బాగున్న బండిలో, ఏసీ ఆపి స్లోలో ఉంచితే, ఆ ప్రెషర్ సాధారణంగా 30 నుంచి 40 కిలోపాస్కల్స్ మధ్య ఉంటుంది.

ఐదు నిమిషాల పని ఇది. కొత్త పార్టు ఒక్కటీ అక్కర్లేదు. అందుకేనేమో ఎవరూ చేయరు.

అపోహ: లీకుంటే ‘స్స్’ మని వినబడుతుంది. వినబడకపోతే పెట్రోలు చల్లితే దొరికిపోతుంది.

పెద్ద లీకు వినబడుతుంది, నిజమే. చెవికి ఒక రబ్బరు ట్యూబు పెట్టుకుని రెండో కొసను జాయింట్ల దగ్గర తిప్పితే ఇంకా బాగా దొరుకుతుంది. కానీ మానిఫోల్డ్ ప్యాకింగ్ కిందో, ఎలుక కొరికిన గొట్టం అడుగునో ఉన్న సన్నటి సందు ఫ్యాను మోతలో వినబడదు. పైగా కొన్ని లీకులు పొద్దున చల్లటి ఇంజన్‌లోనే ఉంటాయి. వేడికి ప్లాస్టిక్, రబ్బరు వ్యాకోచించగానే సందు మూసుకుంటుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, కడప నుంచి నడిపించుకొచ్చిన బండిని షెడ్డులో పెట్టి “ఏం లేదన్నా, బాగుంది” అనిపించుకోవడం వెనక కిటుకు ఇదే. రాత్రి బండిని షెడ్డులోనే ఉంచి, పొద్దున మొదటి స్టార్ట్ మెకానిక్ చేత చేయించాలి.

పెట్రోలు చల్లే పద్ధతి మాత్రం దండించాల్సినంత తప్పు. పక్కనే సైలెన్సర్ వైపు మండే మానిఫోల్డ్, పాత ప్లగ్ వైరు నుంచి ఎగిరే నిప్పురవ్వ, ఎదురుగా పెట్రోలు. వంట గ్యాసు ట్యూబుతో వెతికేవారూ ఉన్నారు, అదీ అంతే ప్రమాదం. ఇంజన్ మీద కాస్త కాస్తగా నీళ్లు స్ప్రే చేసినా పని నడుస్తుంది. నీటి పొర సందును క్షణంపాటు మూయగానే స్లో మారుతుంది. కరెంటు కనెక్టర్ల మీద పడకుండా చూసుకుంటే చాలు. కార్బ్ క్లీనర్ వాడే మెకానిక్‌లు కూడా మంటార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, చుక్కలు చుక్కలుగానే వాడాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ అయితే అసలు వద్దు. వేడికి అది ఫాస్జీన్ అనే విషవాయువుగా మారే ప్రమాదముంది.

వీటన్నిటి కంటే నమ్మకమైనది పొగ పరీక్ష. ఇంజన్ ఆపేసి, గాలి వచ్చే దారి మూసి, మినరల్ ఆయిల్ పొగను చాలా తక్కువ ఒత్తిడితో లోపలికి పంపుతారు. సందున్న చోట పొగ తొంగి చూస్తుంది. దారి సరిగా మూయకపోతే ఎయిర్ ఫిల్టర్ లోంచి కూడా పొగ వస్తుంది, దాన్ని లీకు అనుకోకూడదు. కోడూరులో ఆ మిషను దొరక్కపోతే తిరుపతి దాకా ఒకసారి వెళ్లడం, నాలుగు సెన్సర్లు మార్చడం కంటే చవకే.

అపోహ: స్లోలో ఆయిల్ మూత తీస్తే బండి వణికింది, బోరు పోయింది.

చాలా బళ్లలో మూత తీస్తే స్లో తడబడటమే మామూలు. క్రాంక్‌కేస్ ఆవిరిని మానిఫోల్డ్ లోకి లాగే పీసీవీ వాల్వు ఉంటుంది కాబట్టి, మూత తీయడమంటే మీరే ఒక లీకు చేసినట్టు. మూత తీసినా ఏ మార్పూ లేకపోతేనే కొంచెం ఆలోచించాలి. అప్పటికే ఎక్కడో తెరిచి ఉందేమో, పీసీవీ గొట్టం చీలిందేమో, డిప్‌స్టిక్ రబ్బరు రింగు ఊడిందేమో చూడాలి. బోరు సంగతి తేల్చేది కంప్రెషన్ టెస్టు.

అపోహ: వాక్యూమ్ గేజీలో 18 అంగుళాలు రాకపోతే లీకు.

సముద్ర మట్టం దగ్గర మంచి ఇంజన్ స్లోలో 17 నుంచి 22 అంగుళాల పాదరసం చూపిస్తుంది. ఎత్తు పెరిగే కొద్దీ, ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. అదే కారును 1265 మీటర్ల ఎత్తున్న హార్సిలీ హిల్స్ మీదికి తీసుకెళ్తే నాలుగు అంగుళాలు ఉన్నట్టుండి మాయమవుతాయి. ఏదీ చెడిపోలేదు. టైమింగ్ వెనకబడినా ముల్లు కదలకుండా తక్కువ దగ్గరే నిలబడుతుంది. కాబట్టి ఒక్క అంకెతో తీర్పు చెప్పకూడదు.

బొలేరో, టిప్పర్ లాంటి డీజిల్ బళ్లకు ఈ కథంతా వర్తించదు. డీజిల్ ఇంజన్ గాలిని పెట్రోలు ఇంజన్‌లా థ్రాటిల్‌తో బిగించి నడపదు, మానిఫోల్డ్‌లో చెప్పుకోదగ్గ వాక్యూమ్ ఉండదు. డీజిల్ కార్లు, జీపుల్లో బ్రేకు కోసం వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది, చాలా పాత జీపుల్లో అది ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది. టర్బో తర్వాతి గొట్టం చీలితే గాలి లోపలికి రాదు, బయటికి పోతుంది. నల్లపొగ, ఈల శబ్దం, ఎత్తు ఎక్కలేకపోవడం దాని లక్షణాలు.

ఇక మంగంపేటలో అన్నిటికంటే ఖరీదైన అపోహ: “ఎయిర్ ఫిల్టర్ కొత్తదే వేశాం, దుమ్ము ఎలా పోతుంది?”

గాలి ఫిల్టర్ గుండానే వస్తేనే ఆ ధీమా నిలుస్తుంది. మానిఫోల్డ్ దగ్గర లీకుంటే అక్కడి నుంచి వచ్చే గాలి వడగట్టనిది. ఇంకా మోసకారిది ఫిల్టర్ డబ్బాకు, థ్రాటిల్‌కు మధ్యనున్న ముడతల గొట్టంలో చీలిక. మ్యాప్ సెన్సర్ బండిలో దీనికి ఏ లక్షణమూ ఉండదు. స్లో చక్కగా ఉంటుంది, లైటు వెలగదు, మైలేజీ తగ్గదు. నెలల తరబడి దుమ్ము పోతూనే ఉంటుంది, చివరికి ఆయిల్ తాగడం మొదలయ్యాక తెలుస్తుంది. క్లిప్పు ఊడి డబ్బా మూత సగం తెరుచుకున్నా ఇంతే.

దీన్ని పట్టుకోవడానికి మిషను అక్కర్లేదు. గొట్టం విప్పి లోపల తెల్లటి గుడ్డతో తుడవాలి. ఫిల్టర్ తర్వాతి భాగంలో గుడ్డకు దుమ్ము అంటిందంటే లీకు ఉన్నట్టే, దుమ్ము చార ఎక్కడ మొదలైందో చూస్తే చీలిక దొరుకుతుంది. ఫిల్టర్‌ను కంప్రెసర్ గాలితో మళ్లీ మళ్లీ ఊదే అలవాటు కూడా మానాలి. గట్టి గాలికి కాగితం చిరిగి, ఫిల్టరే లీకవుతుంది.

ఇక్కడే ఇంకో చిన్న అన్యాయాన్ని సరిచేయాలి. ఇంజన్ అరిగితే నింద ముగ్గురాయి మీద పడుతుంది. నిజానికి అది మెత్తటి రాయి, మోస్ కొలతలో దాని గట్టిదనం 3 నుంచి 3.5 మాత్రమే. మామూలు మట్టిరోడ్డు దుమ్ములోని క్వార్ట్జ్ ఇసుకది 7. సిలిండరు గోడను గీరేది ఎక్కువగా రెండోదే. బెరైటీస్ పొడి మంచిదని కాదు, ఫిల్టర్‌ను నింపేస్తుంది, ఆయిల్‌లో కలుస్తుంది. అయితే గని పక్కన లేని పల్లెటూరి కారు కూడా ఈ లీకు విషయంలో నిశ్చింతగా ఉండలేదు.

లీకు దొరికాక ఎం-సీల్, ఇన్సులేషన్ టేపు, సిలికాన్ పేస్టుతో మూసేయడం మన దగ్గర ఆనవాయితీ. ఇంటికి చేరడానికైతే సరే. ఇంజన్ వేడికి, ఆయిల్ ఆవిరికి టేపు జిగురు కరుగుతుంది, ఎండి రాలిన పేస్టు ముక్కను ఇంజనే మింగేస్తుంది. గట్టిపడిన రబ్బరు గొట్టాన్ని కొస కోసి మళ్లీ తొడిగేకన్నా మొత్తంగా మార్చడం మేలు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ వేయించిన బండి అయితే ముందు అక్కడే చూడాలి. కిట్ కోసం మానిఫోల్డ్‌కు వేసిన రంధ్రాలు, తగిలించిన టీ జాయింట్లు కొత్త లీకులకు పుట్టిళ్లు.

చివరగా, వాయిదా వేయకూడని లీకు ఒకటుంది. బ్రేకు పెడల్ గట్టిపడి, తొక్కినప్పుడు కాళ్ల దగ్గర ‘స్స్’ మంటే వాక్యూమ్‌తో బ్రేకుకు సాయపడే బూస్టర్‌లోని డయాఫ్రం చిరిగిందని అనుమానించాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే అది తగ్గదు. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకపోతే ఆ బండిని తిరుమల ఘాట్ రోడ్డుకే కాదు, కోడూరు సంతకు కూడా తీయకండి. మెకానిక్‌నే ఇంటికి పిలవండి.