శిలీంధ్రం కాని శిలీంధ్రం

గోదావరి డెల్టాలో తాటిచెట్టు ముంజలకు, తేగలకు, కల్లుకు, బెల్లానికే కాక ఇంటి కప్పుకు కూడా ఆధారం. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆ తోపులను మొవ్వు కుళ్ళు తెగులు కబళించసాగింది. తాటికి పెరిగే మొగ్గ ఒక్కటే; అది కుళ్ళితే చెట్టు పోయినట్లే.

ఈ తెగులును పరిశోధించినవారు నాటి భారత ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ జాన్ బట్లర్. ఆయన జన్మభూమి ఐర్లండు. 1845లో మొదలైన బంగాళాదుంప తెగులు తెచ్చిన కరువుకు అక్కడ సుమారు 10 లక్షల మంది బలికాగా, మరో 10 లక్షల మంది దేశం విడిచిపోయారు. అమెరికాలో ఐరిష్ సంతతివారి ఇరుగుపొరుగున ఉండే మన కుటుంబాలు ఈ గాథ వినే ఉంటాయి. తాటి తెగులుకు కారణమైన జీవికి బట్లర్ 1907లో పితియం పాల్మివోరం అని నామకరణం చేసి, 1919లో దానిని ఫైటోఫ్తొరా ప్రజాతిలో చేర్చారు. ఐర్లండును ఏడిపించిన జీవిదీ ఆ ప్రజాతే. 1876లో జర్మన్ శాస్త్రజ్ఞుడు డి బారీ కల్పించిన ఆ గ్రీకు పేరుకు 'వృక్షనాశిని' అని అర్థం.

నూలుపోగుల వంటి దేహాన్నీ, సిద్ధబీజాలనూ చూసి దీనిని చిరకాలం శిలీంధ్రాలలో లెక్కించారు. తిమింగలాన్ని చేప అన్నట్లే ఇదీను! శిలీంధ్రాల కణకవచంలో కైటిన్ ముఖ్యమైనది. దీని కవచంలో ఉన్నది మొక్కలలో వలె సెల్యులోజ్. నీటిలో ఈదే దీని సిద్ధబీజానికి రెండు కశాభాలుంటాయి. ఒకటి నునుపు, రెండవదానికి సన్నని రోమాలు. అటువంటి రోమాల కశాభమే గోధుమవర్ణపు సముద్ర శైవలాల బీజకణాలలోనూ కనిపిస్తుంది. అందుకే ఈ రెంటినీ, గాజుపెంకుల డయాటంలనూ కలిపి నేడు స్ట్రామినోపైల్స్ అంటున్నారు. గడ్డిపోచ వంటి రోమాలు గలవి అని భావం. 1980ల నుండి జరిగిన జన్యు పరిశోధనలు ఈ చుట్టరికాన్ని స్థిరపరచాయి. నిజమైన శిలీంధ్రాలు మాత్రం జంతువులకు దగ్గరివని తేలింది. అంటే పుట్టగొడుగు మనకు దాయాది. తాటిమొవ్వును కుళ్ళబెట్టేది సముద్రపు నాచుకు దాయాది.

ఇది పండితుల పేర్ల తగాదా మాత్రమే అనుకోరాదు. శిలీంధ్రాలను చంపే అజోల్ తరగతి మందులు వాటిలో ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకుంటాయి. ఫైటోఫ్తొరా ఆ పదార్థాన్ని తయారుచేసుకోనే చేసుకోదు. ఇక ఆ మందు దేనిని అడ్డుకుంటుంది? రైతు డబ్బు వృథా, పంట నష్టం. దీనికి మెటలాక్సిల్ వంటి వేరే మందులు కావాలి. మైలుతుత్తం, సున్నం కలిపిన పాత బోర్డో మిశ్రమం మాత్రం రెండు వంశాలపైనా పనిచేస్తుంది. అది ప్రసిద్ధికెక్కింది కూడా 1885 ప్రాంతంలో, ఫ్రాన్సు ద్రాక్షతోటలలో ఈ వంశానికే చెందిన మరో బూజు తెగులుపై.

మలేషియాలో డురియన్ చెట్ల మానును కుళ్ళబెట్టేది బట్లర్ గోదావరి తాళ్ళపై గుర్తించిన జీవే. ఇప్పుడు గోదావరి జిల్లాలలో కొబ్బరి నీడన కోకో పండిస్తున్నారు. వానలలో ఆ కాయలను నల్లబరచే తెగులుకూ కారణం అదే.